డ్వైట్ ఇంటి కాపలా

పక్క వీధిలో ఎవరిదో ఆకులు ఊదే మిషను పోయింది. షెడ్డు తలుపు బార్లా తెరిచి, మిషనును గుమ్మంలోనే వదిలేసి, ఇంటిల్లిపాదీ బేస్‌బాల్ చూడడానికి పోతే ఎవడో పట్టుకుపోయాడు. జరిగింది అంతే. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. పోగొట్టుకున్నవాడు నాలుగు తిట్లు తిట్టి, చీపురు అందుకుని ఆకులు ఊడ్చుకున్నాడు. కాన్సస్‌లో ఆ గోధుమల ఊరంతా ఆ సంగతి మరిచిపోయింది, ఒక్క డ్వైట్ తప్ప. అతనికి మాత్రం కంటి మీద కునుకు లేకుండా పోయింది.

డ్వైట్ కార్పెట్లు అమ్మి రిటైరైన మనిషి. జన్మలో చీమను నలిపి ఎరగడు. దయ ఉండి కాదు, వంగడానికి బద్ధకం. అలాంటివాడు కంప్యూటరు ముందు కూర్చుని తుపాకుల వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. వాటిలో గడ్డాలవాళ్ళు మాట్లాడే మాటలే అన్నం ముందు కూడా మాట్లాడుతున్నాడు. "దొంగ ఇంట్లోకి వచ్చాక ఆలోచిస్తే లాభం లేదు నోరీన్. ముందే సిద్ధంగా ఉండాలి," అంటాడు. ఏ దొంగ, దేనికి వస్తాడు, ఈ ఇంట్లో ఏముందని వస్తాడు అని నోరీన్ అడిగితే, ఆడవాళ్ళకి ఇవన్నీ అర్థం కావన్నట్టు ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఇల్లు నోరీన్ తండ్రి ఎమెట్‌ది. ఆయనకు మతి తప్పడం మొదలయ్యాక కూతురూ అల్లుడూ వచ్చి చేరారు. ఒకప్పుడు కౌజుపిట్టల వేటలో ఆ జిల్లాలో ఆయన్ని మించినవాడు లేడు. పోయిన శీతకాలంలో నోరీన్ ఆయన తుపాకులన్నీ దుప్పట్లో చుట్టి, దూరంగా ఉన్న పినతండ్రి కొడుక్కి ఇచ్చేసి, వచ్చే దారంతా ఏడ్చింది. రాత్రిళ్ళు ఇల్లంతా తిరిగే మనిషి ఉన్న చోట తుపాకీ ఉండకూడదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా ఆమె ఏడుస్తూ ఖాళీ చేసిన ఇంట్లోకి ఇప్పుడు మొగుడు మళ్ళీ తుపాకీ తెస్తానంటున్నాడు.

శనివారం తుపాకుల కొట్టుకు ఆమెను కూడా తీసుకెళ్ళాడు. "నీ రక్షణ కోసమే కదా, నువ్వు లేకపోతే ఎలా?" అన్నాడు. తీరా వెళ్ళాక ఆమె వైపు చూసినవాడు లేడు.

కొట్టు యజమాని లానీ నడుముకు పిస్తోలు పెట్టుకునే కాఫీ పోస్తాడు. అతని బల్ల ముందు రెండు ఎత్తు పీటలు, వాటి మీద పొద్దస్తమానం కూర్చునే ఇద్దరు ముసలివాళ్ళు. వాళ్ళు ఏదీ కొనరు. ఎవరొచ్చి ఏం కొంటున్నా సలహా మాత్రం ఇస్తారు.

"దేనికి? పిట్టలకా, జింకలకా?" అన్నాడు లానీ.

"ఇంటి కాపలాకి," అన్నాడు డ్వైట్, డాక్టరు దగ్గర చెప్పుకోరాని జబ్బు చెప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి.

పీటల మీది ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇంకో మాటే లేదు, పంపు షాట్‌గనే," అన్నాడు ఒకడు. రెండోవాడు కాఫీ కప్పు పక్కన పెట్టి మరీ తలూపాడు.

లానీ గోడ మీంచి ఒకటి దించాడు. గొట్టం కింది పిడిని వెనక్కి లాగి ముందుకు తోశాడు. కొట్టంతా ఖంగుమంది. "విన్నావా ఆ చప్పుడు? చీకట్లో అది వింటే చాలు, ఎంతటి దొంగయినా ప్యాంటు తడుపుకుని పరిగెత్తాల్సిందే. కాల్చాల్సిన పనే ఉండదు."

"కాల్చాల్సిన పనే ఉండదు," అన్నారు పీటల మీదివాళ్ళు.

"ఇప్పటిదాకా మీ ఇళ్ళలోంచి ఎంతమంది అలా పరిగెత్తారు?" అని అడిగింది నోరీన్.

ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మా ఇళ్ళకి ఇంతవరకు ఎవరూ రాలేదమ్మా," అన్నాడు ఒకడు.

"అయితే బాగానే పనిచేస్తోంది."

ఆమె ఎగతాళి వాళ్ళకి ఎక్కలేదు. నిజంగానే బాగా పనిచేస్తోందని ఒప్పుకుని కాఫీ తాగారు.

ఇక డ్వైట్ ఎంపిక మొదలైంది. చెక్క మడమ ఉన్నది పట్టుకుంటే తాతల నాటిదిలా ఉందన్నాడు. గొట్టం పొడుగున్నది పట్టుకుని తిరగబోయి దాని కొసతో కాఫీ గిన్నెను పడగొట్టాడు. చివరికి లానీ నల్లటిది ఒకటి తీశాడు. పొట్టి గొట్టం, కింద టార్చి లైటు, పక్కన అదనపు తూటాలు గుచ్చుకునే పట్టీ. డ్వైట్ దాన్ని భుజానికి ఆనించాల్సిన చోట కాకుండా మెడ దగ్గర ఆనించి, మోచెయ్యి రెక్కలా పైకెత్తి, బుగ్గలు పూరించి, నల్ల కళ్ళద్దాల స్టాండుకున్న అద్దంలో తనను తాను చూసుకున్నాడు. అద్దంలో కనిపించినవాడు అతనికి నచ్చాడు. కార్పెట్లు అమ్మినన్నాళ్ళూ నోరీన్ ఆ మొహం చూడలేదు. ఇప్పుడు చూసి సిగ్గుపడింది, అతని బదులు.

"అమ్మగారికి కూడా వీలుగా ఉండేది చూపించనా?" అని లానీ గులాబీ రంగు మడమ ఉన్న చిన్న తుపాకీ బల్ల మీద పెట్టాడు.

"ఇది చూస్తే దొంగకి భయమేస్తుందా, నా మీద జాలేస్తుందా?" అంది నోరీన్. తర్వాత ఎవరూ అడక్కపోయినా చెప్పాల్సింది చెప్పేసింది. "లానీ, మా ఇంట్లో మా నాన్న ఉన్నాడు. ఆయనకి మతి నిలకడగా లేదు. రాత్రిళ్ళు లేచి తిరుగుతాడు, తలుపులన్నీ తీసి చూస్తాడు."

లానీ తుపాకీ మీంచి చెయ్యి తీసేశాడు. "ఎమెట్ గారు కదూ? మా నాన్నకి వేట నేర్పింది ఆయనే." మొట్టమొదటిసారి అతని మొహంలో మనిషి కనబడ్డాడు. "అయితే వద్దు డ్వైట్. ఆయనా, తుపాకీ ఒకే కప్పు కింద ఉండకూడదు. కొనే తీరాలంటే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. తూటాలు ఇంకోచోట పెట్టు."

"తాళం వేస్తే దొంగ వచ్చినప్పుడు ఏం చెయ్యమంటావ్? తాళంచెవి దొరికేదాకా కుర్చీ వేసి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టనా?"

పీటల మీదివాళ్ళు పడీపడీ నవ్వారు. లానీ కాసేపు ఆపుకున్నాడు గానీ కొనడానికి వచ్చినవాడి జోకుకు నవ్వకుండా ఎన్నాళ్ళని వ్యాపారం చేస్తాడు, తనూ నవ్వాడు. "అదీ నిజమేలే. నీ జాగ్రత్త నీది," అన్నాడు. చెప్పవలసిన మంచిమాట చెప్పేశాడు, పాపం తీరింది, సరుకు కట్టాడు. నోరీన్‌కు మొగుడి మీదకన్నా ఆ క్షణంలో లానీ మీదే ఎక్కువ అసహ్యం వేసింది. డ్వైట్‌కు తెలియదు. లానీకి అంతా తెలుసు.

*

ఆదివారమంతా ఇంట్లో కవాతు నడిచింది. అభ్యాసానికని లానీ ఇచ్చిన నారింజ రంగు ఉత్తుత్తి తూటాలు నింపుకుని, డ్వైట్ పడకగదిలోంచి నడవాలోకి, నడవాలోంచి వంటింటి గుమ్మం దాకా గోడకు వీపు ఆనించి నడిచాడు. మలుపు దగ్గర ఆగి తల మాత్రం బయటికి పెట్టి చూశాడు. అక్కడ నోరీన్ మొక్కజొన్న రొట్టెకు పిండి కలుపుతోంది. ఎమెట్ బల్ల దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. ఆయనకు ఏ పని మరిచిపోయినా చిక్కుడుకాయ నార తియ్యడం మాత్రం మరుపు రాలేదు.

"ఆ హీటరు బాగుచేసే అబ్బాయి ఇంకా వెళ్ళలేదా?" అని కూతుర్ని అడిగాడు.

"వెళ్తాడులే నాన్నా."

"నేను డ్వైట్‌ని! మీ అల్లుణ్ణి!" అన్నాడు డ్వైట్ నడవాలోంచి. రోషంగా పిడిని లాగి తోశాడు. సగమే లాగాడు. తూటా అడ్డం పడి బిగుసుకుపోయింది. లాగితే రాదు, తోస్తే పోదు. మొహం ఎర్రబడేదాకా పెనుగులాడాడు.

"భయపడుతూ లాగితే అంతే. చివరిదాకా లాగాలి," అన్నాడు ఎమెట్, చిక్కుడుకాయ మీంచి తల ఎత్తకుండా.

నోరీన్ పిండి వైపు తిరిగి నవ్వుకుంది. డ్వైట్ చూశాడు. ఆ నవ్వును అతను సాయంత్రం దాకా మనసులో పెట్టుకున్నాడు.

ఎమెట్ తిని పడుకున్నాక, డ్వైట్ రొట్టె మీద వెన్న రాసుకుంటూ చాలా మామూలుగా అన్నాడు. "జిల్లా ఊళ్ళో ముసలివాళ్ళ హోమ్ ఉంది కదా, అక్కడ ఒక గది ఖాళీ అవుతోందట. ఫోన్ చేసి మాట్లాడాను."

"ఎవరికి?"

"మీ నాన్నకి. ఎవరికేంటి?"

నోరీన్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఎందుకు?"

"చూడు, ఆయన చీకట్లో తిరుగుతాడు. నేను నిద్రమత్తులో లేచి దొంగ అనుకుని కాల్చేశాననుకో? ఆయన క్షేమం కోసమే చెప్తున్నా. లానీ కూడా అన్నాడుగా, ఆయనా తుపాకీ ఒక కప్పు కింద ఉండకూడదని."

"లానీ తుపాకీ వద్దన్నాడు."

"రెండింట్లో ఒకటి ఉండకూడదన్నాడు. అర్థం అదేగా."

"ఈ కప్పు ఆయనది డ్వైట్."

"ఆ సంగతి ఆయనకి గుర్తుంటే కదా!" అని వెన్న కత్తిని నాకి పక్కన పెట్టాడు.

నోరీన్‌కు కోపం రావాల్సిన చోట కోపం కూడా రాలేదు. కోపగించుకోవడానికి ఎదుటివాడిలో ఎంతో కొంత సరుకు ఉండాలి. ఈ మనిషి దుర్మార్గుడు కూడా కాదు. ఇంటిని కాపాడాలి కాబట్టి ఇంటాయన్ని బయట పెట్టాలని తేల్చుకుని, అందులో తప్పేముందో నిజంగానే తెలియక వెన్న రాసుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ ఇతని పక్కన పడుకున్నానా అని ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

"నాన్న ఎక్కడికీ వెళ్ళడు," అంది. "తుపాకీ వెనక్కి ఇచ్చెయ్యి."

"అమ్మిన తుపాకీ వెనక్కి తీసుకోరు."

"అయితే ఖాళీగా ఉంచు. తూటా ఒక్కటి కూడా ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

"గరాజులో పై అరలో పెట్టానులే తల్లీ! అంత నమ్మకం లేకపోతే ఎలా?"

ఆమె వెళ్ళి చూసింది. పై అరలో తూటాల పెట్టె ఉంది. పెట్టె ఉంది కదా అని ఊరుకుంది, మూత తీసి చూడలేదు. హోమ్ సంగతి మళ్ళీ ఎత్తితే తనే బయటికి పోతానని గట్టిగా చెప్పింది. డ్వైట్ చేతులు రెండూ పైకెత్తి, "సరే సరే, నీ ఇష్టం," అన్నాడు. ఎప్పుడైనా బేరం కుదరకపోతే కార్పెట్ల కొట్టులో కూడా అలాగే చేతులెత్తేవాడు. మర్నాడు అదే మనిషికి ఫోన్ చేసి అదే కార్పెట్ అంటగట్టేవాడు.

*

బుధవారం మధ్యాహ్నం స్కూలు వంటింట్లో పని ముగించుకుని, తలకు కట్టుకున్న వల తియ్యకుండానే నోరీన్ ఇంటికొచ్చింది. చేతిలో మిగిలిన బన్నుల పొట్లం ఉంది. ఇంటి ముందు డ్వైట్ కారు డిక్కీ తెరిచి ఉంది. డ్వైట్ బూట్లు లేకుండా గడ్డిలో ఒట్టి మేజోళ్ళతో నిలబడి ఉన్నాడు. చేతులు భుజాల దాకా ఎత్తి, ఇంకా ఎత్తాలో దించాలో తెలియనట్టు గాలిలో ఉంచాడు. పొద్దున నీళ్ళు పెట్టిన గడ్డి కావడంతో మేజోళ్ళు తడిసి సాగిపోయాయి. ఎదురింటి ఫేయ్ పొద చాటున ఫోన్ చెవికి పెట్టుకుని ఉంది.

వరండాలో ఎమెట్ ఉన్నాడు. నల్ల తుపాకీ ఎడమ మోచేతి మడతలో పెట్టుకుని, గొట్టం నేలకేసి, పిట్టలు ఎక్కడ లేస్తాయా అని పొలం గట్టున నిలబడే మనిషిలా తీరిగ్గా నిలబడ్డాడు. ఆయన నడుము అంత నిటారుగా ఉండగా నోరీన్ చూసి చాలా కాలమైంది.

"వచ్చావా అమ్మాయ్? మంచి సమయానికి వచ్చావు," అన్నాడు. "ఆ మనిషి నా గదిలో దూరాడు. నా చొక్కాలన్నీ తీసి సూట్‌కేసులో కుక్కుతున్నాడు. పట్టపగలు! అడిగితే, పద తాతా కార్లో షికారు పోదాం అంటాడు."

నోరీన్ మొగుడి వైపు చూసింది. "నిజమేనా?"

"ఆ గది ముందే ఖాళీ అయిందన్నారు. నువ్వు ఉంటే ఏడుస్తావని... నువ్వు వచ్చేలోపల దింపేసి వస్తే నీకూ బాధ తక్కువని..." డ్వైట్ గొంతు పీలగా వచ్చింది. "ముందు అది లాక్కో నోరీన్! నన్ను చంపబోయాడు!"

"నీ వైపు గురిపెట్టాడా?"

"గురిపెట్టలేదు. ఆ చప్పుడు చేశాడు! తలుపు దగ్గర నిలబడి ఆ చప్పుడు చేశాడు!"

ఎంత ఆపుకుందామన్నా నోరీన్‌కు నవ్వొచ్చింది. ముసలివాళ్ళు పీటల మీద కూర్చుని వాగింది ఒక్కటీ అబద్ధం కాలేదు. "అందులో తూటాలు లేవుగా. మరి ఎందుకు పరిగెత్తావు?"

డ్వైట్ చూపు పక్కకు తిప్పుకున్నాడు.

నోరీన్ నవ్వు ఆగిపోయింది. బన్నుల పొట్లం ఎక్కడ జారిపోయిందో ఆమెకు తెలియలేదు. ఆదివారం నుంచీ ఆ తుపాకీ నిండుగానే పడకగది తలుపు వెనక ఉంది. రాత్రిళ్ళు తలుపులన్నీ తీసి చూసే మనిషి ఇంట్లో ఉన్నాడు. అన్ని రాత్రులూ తను పక్కనే నిద్రపోయింది.

మెట్ల దగ్గరికి వెళ్ళింది. అరవకూడదు, లాక్కోకూడదు, అది ఆమెకు తెలుసు. చేతిలోది లాక్కుంటే ఎమెట్ ఇవ్వడు. కానీ ఆ పొలాల మధ్య పుట్టిన వేటగాడు ఎవడూ, ఎంతటి శత్రువుకైనా, తుపాకీని మూసి చేతికివ్వడు. అడిగితే తెరిచి, ఖాళీ చేసి, ఖాళీ అని చూపించి ఇస్తాడు. అక్షరాలకంటే ముందు పిల్లలకి నేర్పేది అదే. ఆమెకూ ఆయనే నేర్పాడు. తన పేరు మరిచిపోయిన రోజులున్న ఈ మనిషికి ఆ మర్యాద గుర్తుంటుందా అన్నది ఒక్కటే ఇప్పుడు తేలాలి.

"ఏదీ నాన్నా, కొత్త తుపాకీలా ఉందే. ఓసారి నన్ను చూడనీ," అంది.

"చూడమ్మా," అన్నాడు ఎమెట్.

గొట్టం గడ్డి వైపు, మనుషులు లేని వైపు తిప్పాడు. పిడిని చివరిదాకా వెనక్కి లాగాడు. ఎర్ర తూటా ఒకటి వరండా చెక్కల మీద పడి దొర్లింది. మళ్ళీ లాగాడు, ఇంకొకటి. ఇక రావడం ఆగేదాకా లాగి, కంటికి దగ్గరగా పెట్టుకుని లోపలికి చూశాడు. కన్ను మీద నమ్మకం లేక చిటికెన వేలు పెట్టి తడిమాడు. అప్పుడు నోరు తెరిచి ఉన్న తుపాకీని రెండు చేతులతో ఆమెకిచ్చాడు.

నోరీన్ అందుకుని, మెట్టు మీద కూర్చుంది.

"చెత్త తుపాకీ. ముందంతా బరువే," అన్నాడు ఎమెట్. "ఎవడు కొన్నాడో గానీ వాడికి పిట్టా తెలియదు, పొలమూ తెలియదు."

ప్రమాదం దాటిందని తెలియగానే డ్వైట్‌కు గొంతు తిరిగొచ్చింది. చేతులు దించి రెండడుగులు ముందుకేశాడు. "చూశావా? నేను చెప్పలేదూ? ఇప్పటికైనా ఒప్పుకుంటావా, ఈయన్ని ఇంట్లో ఉంచుకోవడం ఎంత ప్రమాదమో?"

"అక్కడే ఉండు," అంది నోరీన్.

ఫేయ్ పిలిచిన పోలీసు కారు వచ్చి ఆగింది. కుర్రాడు, ఊరికి కొత్త. తెరిచి ఉన్న తుపాకీనీ, చెక్కల మీది తూటాలనూ, గడ్డిలో మేజోళ్ళతో ఉన్న మనిషినీ చూసి నడుముకున్న పిస్తోలు మీద చెయ్యి వేసుకునే దిగాడు. నోరీన్ తుపాకీని తనకు దూరంగా నేల మీద పెట్టాక చెయ్యి తీశాడు.

"ఈ ఇల్లు ఎవరిదండీ?"

"నాదే," అన్నాడు ఎమెట్. పేరు చెప్పాడు, ఇంటి నంబరు చెప్పాడు, తడుముకోలేదు. "ఆ వరండా చెక్కలు కూడా నేను బిగించినవే బాబూ. అతను నా బట్టలు ఎత్తుకుపోతుంటే పట్టుకున్నాను."

"మీరమ్మా?"

"ఆయన కూతుర్ని."

"మరి ఆయన?" పోలీసు కుర్రాడు డ్వైట్‌ను చూపించాడు. "మీకు తెలిసినవాడేనా?"

డ్వైట్ నవ్వాడు. ఈ తమాషాకు నువ్వే ముగింపు పలకాలి, చెప్పెయ్యి, ఇద్దరం లోపలికి పోదాం అన్నట్టు నవ్వాడు. ఎదుటివాడు కొనేశాడని ముందే తెలిసిపోయిన అమ్మకందారు నవ్వు అది. ఆ నవ్వు వెనక గరాజులో తూటాలు తగ్గిన పెట్టె ఉంది, డిక్కీ తెరిచి ఉన్న కారు ఉంది, ఆమె లేనప్పుడు చూసి "పద తాతా షికారు పోదాం" అన్న మాట ఉంది. నోరీన్ ఆ నవ్వు పూర్తిగా అయ్యేదాకా చూసింది.

"తెలుసండి," అంది. "ఇవాళ్టిదాకా ఇక్కడే ఉండేవాడు."

"నోరీన్!"

"దొంగతనం కేసేమీ వద్దు. ఈ తుపాకీ అతనిది. మీ కార్లో పెట్టుకుని, ఇక్కణ్ణించి దూరం వెళ్ళాకే అతనికివ్వండి. ఎక్కడుంటాడో అక్కడ కాపలా కాసుకుంటాడు."

"నీకు పిచ్చెక్కిందా? మీ నాన్నకేనా, నీక్కూడానా? ఎక్కడికి పోతాను నేను?" అని అరిచాడు డ్వైట్.

"జిల్లా ఊళ్ళో ఒక గది ఖాళీగా ఉందట. ఫోన్ చేసి కనుక్కున్నావుగా."

పోలీసు కుర్రాడు ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. ఏమనుకున్నాడో గానీ తుపాకీ తీసుకెళ్ళి తన కారు డిక్కీలో పెట్టి, తూటాలు ఏరుకుని విడిగా సంచిలో వేశాడు. డ్వైట్‌తో, "ఈ పూటకి ఎక్కడికైనా వెళ్ళండి సార్, మీకూ మంచిది," అన్నాడు. డ్వైట్ ఎదురింటి పొద వైపు చూశాడు. ఫేయ్ తల లోపలికి లాక్కుంది. కార్పెట్ల మనిషి వైపు మాట్లాడడానికి ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు.

ఎమెట్ కళ్ళు చికిలించి గడ్డిలోకి చూస్తున్నాడు. ఆయన మొహంలో కోపం ఎప్పుడో పోయింది.

"అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "అతని కాళ్ళు చూడు, పాపం. మేజోళ్ళు తడిసిపోయాయి. ఎంతైనా మన వాకిట్లో నిలబడ్డ మనిషి. బూట్లిచ్చి పంపమ్మా."

నోరీన్ లోపలికి వెళ్ళింది. మంచం పక్కనున్న బూట్లు తెచ్చి, జత కలిపి, కింది మెట్టు మీద పెట్టింది. తండ్రి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించి తలుపు వేసింది.